మనవాళ్ల మాటలు ఎవరి ముడిసరుకు?

'మా వాడ గురించి మేం రాసుకోకపోతే ఎవరు రాస్తారు?' అంటూ పరిశోధనలోకి వచ్చినవాళ్లం మేము. ప్రశ్న న్యాయమైనదే. 1948లో మైసూరు ప్రాంతపు రాంపురలో పరిశోధన చేసిన ఎం.ఎన్. శ్రీనివాస్ గ్రామపెద్ద ఆశ్రయంలో ఉన్నాడు. ఊరిని అగ్రకులం కంటితో చూశానని తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఆ కన్ను మాకొద్దు. కానీ వాడలో పుట్టినంత మాత్రాన మా కన్ను కడిగిన ముత్యమా?

వాడ ఇవాళ వాట్సాప్‌లోనూ ఉంది. కూలిరేట్లు, చావు కబుర్లు, అంబేద్కర్ జయంతి చందాలు అన్నీ ఆ గ్రూపులోనే. మమ్మల్ని అందులో చేర్చింది చుట్టరికం, పరిశోధన కాదు. తమ్ముడు వింటున్నాడనుకుని ఒక అక్క కోపంగా పెట్టిన వాయిస్ మెసేజ్‌ని 'డేటా' చేసే హక్కు మాకెవరిచ్చారు?

అడ్మిన్‌ని అడిగామంటాం. గ్రామపెద్ద ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టేనన్న పాత పద్ధతి కాదా ఇది? పేరు మార్చామంటాం. ఆ మాటతీరు ఎవరిదో ఊళ్లో ఎవరికి తెలీదు? రేపు ఆమె కూలికెళ్లాల్సింది ఆ ఆసామి చేలోకే. మాకు పట్టా వస్తుంది, ఆమెకు పని పోతుంది.

మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పేవాడు బ్రాహ్మణుడు, సమాచారం మోసేవాడు శూద్రుడు అయ్యాడని 2002లో గోపాల్ గురు ఎత్తిచూపాడు. ఆ నిచ్చెన మీద మేం ఒక మెట్టు ఎక్కి, మా అక్కని కింది మెట్టు మీద నిలబెడితే మారిందేంటి?

చట్టం చాలదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పరిశోధనకి షరతులతో మినహాయింపిచ్చింది. చట్టం మినహాయించినా వాడ మినహాయించదు.

అలాగని నోరు మూసుకోవటమూ నీతి కాదు. గ్రూపులో ఆడవాళ్ల మాటని మగవాళ్లు నొక్కేస్తుంటే, 'వాడ పరువు' పేరుతో దాన్ని దాచటం ఎవరి పక్షాన నిలవటం? రాయాల్సిందే. అయితే పరిశోధకులమని ముందే చెప్పాలి. మాట ఎవరిదో వాళ్లనే విడిగా అడగాలి. రాసింది చదివి వినిపించాలి. వద్దంటే, అధ్యాయం కుంటుపడినా సరే, తీసెయ్యాలి. ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తే మనిషి దొరికిపోయే చోట సారం మాత్రమే చెప్పాలి.

మా థీసిస్‌ని పరీక్షకులు ఆమోదిస్తే చాలదు. అది అచ్చయ్యాక కూడా ఆ అక్క మా ముందు నిర్భయంగా మాట్లాడగలగాలి. మాకు అసలు పరీక్ష అదే.