పంటి వెనక డేగ గోరు

నవ్వితే కనిపించదు. ఎనిమిదేళ్ల పిల్ల నాలుకకు ఏదో గుచ్చుకుంటోందని రెండు రోజులుగా సణుగుతుంటే, వాళ్లమ్మ వేలు పెట్టి తడిమి, "పన్ను వెనక ఇంకో పన్ను మొలిచింది డాక్టరుగారూ" అంటూ తీసుకొస్తుంది. చిన్న అద్దం పెట్టి చూస్తే అది ఇంకో పన్ను కాదు. ఉన్న పన్నుకే వెనక వైపు, చిగురు దగ్గర బయల్దేరి అంచు దాకా వంగిన కొమ్ము.

1892లో డబ్ల్యూ.హెచ్. మిచెల్ ఒకావిడ పంటి వెనక దీన్ని చూసి, కొమ్ములా ఉందని 'డెంటల్ కాస్మాస్' పత్రికకు రాశాడు. 1970లో మెల్లర్, రిపాలకు అది డేగ గోరులా తోచింది. 'టాలన్ కస్ప్' అన్న పేరు అలా స్థిరపడింది. దంతవైద్యులకు ఇంత ఊహ ఉంటుందని కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లకు ఎలా తడుతుంది!

ఇది ఎక్కువగా వచ్చేది పైవరసలో నడిమి పళ్ల పక్క పన్నుకు. దవడలో ఆ శాశ్వత పన్ను గట్టిపడడం మొదలయ్యేది బిడ్డకు పది పన్నెండు నెలలప్పుడు. అంతకు ముందే మెత్తటి మూసలో పడిన మడత, ఎనిమిదో ఏట నాలుకకు తగులుతుంది.

పన్ను బయటికి రాకముందు ఎక్స్‌రే తీస్తే చిక్కే. కొమ్ము నీడ అదనపు పన్నులా కనిపిస్తుంది. అది నమ్మి అనవసరంగా చిగురు కోసిన సందర్భాలూ ఉన్నాయి.

ఇబ్బంది పెట్టకపోతే కొమ్ము జోలికి పోనక్కర్లేదు. పంటికీ కొమ్ముకూ మధ్య గాడిలో పాచి చేరి పుచ్చకుండా పూడిస్తే చాలు. కింది పన్ను తగులుతుంటే అరగదీయాలి. అసలు పనితనం అక్కడుంది. కొమ్ములోకి నరం పాకి ఉండొచ్చు, ఎక్స్‌రేలో అది తేటగా తెలియదు. ఒక్కసారే కోసేస్తే నరం బయటపడి, పసి పంటికి రూట్ కెనాల్ దాకా పోవచ్చు.

అందుకే, "ఏదీ, కొరుకు తల్లీ" అని నీలి కాగితం పళ్ల మధ్య పెడతారు. కొమ్ము మీద నీలం అంటిన చోటే ఇసుమంత అరగదీసి, ఫ్లోరైడ్ పూత పూసి పంపేస్తారు. మళ్లీ ఆరేడు వారాలకు రమ్మంటారు. ఈలోగా లోపలి నరం తన చుట్టూ కొత్తగా గట్టి పొర (డెంటిన్) కట్టుకుంటుంది. "ఇంత చిన్నదానికి ఇన్నిసార్లా?" అని వాళ్లమ్మ విసుక్కోవడమూ న్యాయమే, బస్సు చార్జీలు ఆవిడవి.

నాలుగోసారి కొరికిస్తే కొమ్ము మీద నీలం పడదు. పిల్ల నాలుక మాత్రం ఇంకా అక్కడే వెతుక్కుంటూ ఉంటుంది.