బాగుందంటే సరిపోదు, బయానా కావాలి

ఆత్మకూరు, ఉదయగిరి వైపు కుర్రాళ్లెవరైనా వ్యాపారం పెడతామని వస్తే నేను ముందు అడిగేది ఒకటే: "బయానా ఎవరైనా ఇచ్చారా?" ఈమధ్య ఒకతను ఉదయగిరి చెక్క స్పూన్లను మిషన్ మీద వేలల్లో చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతానన్నాడు. షెడ్డుకు స్థలం కూడా చూసుకున్నాడు. కొనేదెవరయ్యా అంటే, "చూసినోళ్లంతా బాగుందన్నారు సార్" అన్నాడు. ఎదురుగా నిలబడి అడిగితే బాగలేదని ఎవరంటారు అబ్బయ్యా? "వంద ఇప్పుడివ్వండి, సరుకు తర్వాత పంపుతా" అని చూడు. చెయ్యి జేబులోకి పోతుందో, "చెప్తాలే" అంటారో తెలిసిపోతుంది.

ముందు అమ్మి చూసుకున్నవాళ్లే నిలబడ్డారు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా, ఆయన మిత్రులు మొదట బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఊరికే ఇస్తామన్నా వాళ్లు తీసుకోలేదు. ఆ తర్వాత కొన్ని సీట్లు అడిగి తీసుకుని, అమ్మి చూపించి, 2006లో వ్యాపారం మొదలుపెట్టారు. అమెరికాలో జాపోస్ వాళ్లు 1999లో ఊళ్లోని షాపులో బూట్లకు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు, ఆర్డరొచ్చాకే కొని పంపారు.

మనవాడి సరుక్కి ఒక్క ఫొటో చాలదు. భౌగోళిక గుర్తింపు వచ్చిన పనితనం అది. ఆడవాళ్లు ఇంటి దగ్గర కూర్చుని కర్రను ఆకురాయితో నున్నగా రాసి, ఫోర్కు పిడి మీద సన్నటి నగిషీ చెక్కుతారు. కొనేవాళ్లు డబ్బిచ్చేది చెక్కకా, ఆ చేతికా? అందుకే రెండు ఫొటోలు, రెండు ధరలు పెట్టమన్నాను: చేత్తో చేసింది ఒకటి, మిషన్ మీద చేసింది ఒకటి. ఏఎస్ పేట దర్గా దగ్గర ఉర్సుకు గుడ్డ పరిచి అమ్మితే పోదా అన్నాడు. అమ్ముడవుతాయి, కాదనను. కానీ జ్ఞాపకానికి ఒకటి కొనుక్కుపోయే యాత్రికుడూ, హైదరాబాద్‌లో ఫోన్ చూస్తూ సెట్టు ఆర్డరిచ్చే ఇల్లాలూ ఒకటి కాదు.

ఇందులో నాకు గిట్టనిది ఒకటుంది. ఇలాంటి ఫొటోల కోసం శాంపిల్ పేరు చెప్పి ఉత్తినే చేయించుకుంటారు. ఆర్డర్ రాకపోతే చేసినామె కూలీ గంగలో కలిసినట్టే. పరీక్ష నీది గనక ఖర్చూ నీదే, శాంపిల్‌కూ పూర్తి కూలీ ముందే ఇవ్వమన్నాను. ఆర్డర్లొచ్చాయే అనుకో, నెలకు ఎన్ని చేయగలరో కూడా వాళ్లనే అడగాలి. ఇంటిపని, నాట్లు, కోతలు, పండగలు పోగా ఎన్ని అవుతాయో వాళ్లు చెప్పాకే ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో రాసుకోవాలి.