నొప్పిని పాఠంగా చెప్పే విద్య

నొప్పి ఎలా పుడుతుందో వైద్య విద్యార్థికి మొదట నేర్పేది శరీరధర్మశాస్త్ర అధ్యాపకులే. 2019లో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైన సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ ఇది మొదటి ఏడాది పాఠమే.

ఆ బోధనలోని నేర్పు ప్రయోగశాలలో కనిపిస్తుంది. కళ్లు మూసుకున్న విద్యార్థి చర్మానికి కంపాస్ రెండు మొనలు ఆనిస్తారు. వేలికొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడమున్నా అవి రెండని తెలిసిపోతుంది. వీపు మీద మూడు సెంటీమీటర్ల ఎడమున్నా ఒక్కటిగానే తోస్తాయి.

తర్వాత నాడుల సంగతి. దెబ్బ తగలగానే చురుక్కుమనే నొప్పిని ఏ-డెల్టా తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో చేరవేస్తాయి. వెనకే వచ్చే సలుపును మోసే సీ తంతువుల వేగం 2 మీటర్లకు మించదు. దెబ్బ తగిలిన చోట రుద్దితే ఉపశమనం ఎందుకో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వివరించారు: స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పికి తలుపు మూస్తాయి.

నొప్పి మూడు నెలలు దాటితే అది దీర్ఘకాలికం. నాడీవ్యవస్థే అతిసున్నితమైపోతే గాయం మానినా బాధ మానదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోదాడ పొలాల్లో నడుం వంచి నాట్లు వేసే మహిళలకు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలకు, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ బాధితులకు ఈ పాఠంతో నేరుగా సంబంధముంది. రోగి చెప్పే నొప్పిని గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020 నిర్వచనంలో స్పష్టం చేసింది. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా రోగి మాట నమ్మే డాక్టరును తయారుచేయడమే ఈ బోధనా వృత్తి గొప్పదనం.