శ్రద్ధ లేనిది ఎవరికి?

తర్లుపాడులో మా ఎదురింటి అమ్మాయి ఆరో తరగతి చదువుతున్న కొడుకుని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "నువ్వన్నా చెప్పక్కా. పుస్తకం పట్టడు. అడిగితే పలకడు. అందరూ నా పెంపకాన్నే అంటన్నారు" అంది. తెల్లారకముందే మిరపకాయల కోతకి పోయి పొద్దుగూకి వచ్చే మనిషి. నాకు సిగ్గేసింది. టీచరుగా ఎన్నో ప్రోగ్రెస్ కార్డుల మీద 'చదువు మీద శ్రద్ధ లేదు' అని రాసిన చెయ్యి నాది.

ఆ రాత్రి తెత్సుకో కురొయనాగి 'రైలుబడి' మళ్ళీ తీశాను. 1981లో జపాన్‌లో వచ్చిన ఈ పుస్తకం గురించి ఎప్పుడు మాట్లాడినా పాత రైలు పెట్టెల్లో నడిచిన తరగతుల గురించీ, హెడ్మాస్టరు కొబయాషి గురించే మాట్లాడతాం. చిన్నారి టోటోచాన్ చెప్పిందంతా ఆయన నాలుగు గంటలు విన్నాడు. పొద్దున్నే ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలో పిల్లలకే వదిలేశాడు. గొప్ప సంగతులే. ఈసారి మాత్రం నేను ఆ పిల్ల తల్లి దగ్గర ఆగిపోయాను.

మొదటి బడివాళ్ళు పిల్లని పంపేస్తే ఆ సంగతి ఆమె కూతురికి చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటాకే చెప్పింది. 'నేను పనికిరాను' అన్న మాట ఆ పిల్ల మనసులో పడకుండా అన్నేళ్ళూ అడ్డం నిలబడింది. కొబయాషి పని మొదలయ్యేది ఆ తర్వాతే. బోధనా పద్ధతుల చర్చల్లో ఈ శ్రమ ఇంటిపనిలాగే లెక్కకు రాదు. అలాగని తల్లి త్యాగమంటూ మెచ్చుకుని ఊరుకుంటే మళ్ళీ మొదటికే వస్తాం.

పుస్తకంతో నా పేచీ ఇక్కడే. ఆ తల్లికి ఇంకో బడి వెతికే తీరిక ఉంది, వెతికితే దొరికే టోక్యో ఉంది. మా ఎదురింటి అమ్మాయికి కూలి పోగొట్టుకోకుండా బడికి వెళ్ళి అడిగే పూటైనా లేదు. మన రాష్ట్రంలో 2020లో అమ్మఒడి కింద, 2025లో తల్లికి వందనం కింద డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. మంచిదే. షరతు 75 శాతం హాజరు. పిల్లవాడు బడికొచ్చాడా అన్నదే లెక్క, వచ్చి ఏం నేర్చాడన్నది కాదు. నేర్వకపోతే ఆ తప్పూ తల్లి ఖాతాలోనే పడుతుంది.

కొబయాషిలాగా నేనూ వాణ్ణి కూర్చోబెట్టి, ఏదైనా చెప్పమన్నాను. గంటసేపు మేకల గురించి చెప్పాడు. ఏది ఏ ఆకు తింటుందో, ఏది ఎప్పుడు ఈనిందో. ఆ మాటలే నాలుగు వాక్యాలు రాసి చదవమన్నాను. మొదటి వత్తు దగ్గరే ఆగిపోయాడు. మూడో తరగతి నించీ దాచుకుంటున్నాడు. చదవడం రాదని బయటపడటం కన్నా మొండివాడనిపించుకోవడమే వాడికి నయమనిపించింది.

పలకలకి పేరుపడ్డ మార్కాపురం మాకు పక్కనే. వాడికో పలక కొన్నాను. రోజుకి రెండు వత్తులు, వాడి మేకల మాటల్లోంచే. లెక్కలంటే ఇంకా పారిపోతాడు. వాళ్ళమ్మ పేరులో మాత్రం రెండు వత్తులున్నాయి. మొన్న రాత్రి ఆమె కూలి నించి వచ్చేసరికి పలక మీద ఆ పేరు రాసి ఉంచాడట.

నేను ప్రోగ్రెస్ కార్డుల్లో రాసిన వాక్యం తప్పు కాదు. శ్రద్ధ లేదు నిజమే. అది ఎవరికి లేదో రాయలేదు.