గళ్ళు నిండాక మొదలయ్యే పజిల్

ఇప్పటికీ పండగ ప్రత్యేక సంచిక చేతికి రాగానే నేను మొదట తెరిచేది గళ్ళ పేజీ. కథలూ, కవితలూ, పిండివంటల పేజీలూ ఆ తర్వాతే. వారం వారం వచ్చే పజిల్ వేరు, పండగ పజిల్ వేరు. పండక్కి గళ్ళు ఎక్కువ, మనకు తీరికా ఎక్కువే. ఆధారాల నిండా అరిసెలు, గొబ్బిళ్ళు, గంగిరెద్దులు. వాటిలోనూ నాకు మరీ ఇష్టమైన రకం ఒకటుంది. అడ్డం, నిలువు ఆధారాలన్నీ అయిపోయాక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనబడుతుంది: గళ్ళన్నీ నింపాక ఇందులో దాగిన మాట ఏదో చెప్పండి అని.

ఆ ఒక్క వాక్యంతో ఆట స్వభావమే మారిపోతుంది. మామూలు పజిల్‌లో చివరి గడి నిండితే పని అయిపోయినట్టే. ఇందులో అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. దానికి అంకె ఉండదు, ఆధారం ఉండదు, ఎక్కడ వెతకాలో ఎవరూ చెప్పరు. మూలల్లో ఉందా? ఐమూలగా ఉందా? ఆధారాల మొదటి అక్షరాల్లో ఉందా? లేక ఉండవలసిన మాట ఒకటి లేకపోవడమే గుర్తా? ఇంతసేపూ ఒక్కో గడిగా చూసినదాన్ని ఇప్పుడు మొత్తంగా చూడాలి. నింపడం ఆపి చదవడం మొదలుపెట్టాలి.

ఇలాంటివి పూరించే అలవాటు వల్ల నాకు గట్టిగా నాటుకున్న సంగతి ఒకటుంది. దాచడంలో నేర్పు ఎవరికీ దొరకకుండా చేయడంలో లేదు. ఓపిగ్గా వెతికినవాళ్ళకు దొరికి తీరేలా దాచడమే నేర్పు. ఈ వారం దాని గురించే.

* * *

కట్టేవారి వైపు నుంచి మొదలుపెడదాం. తెలుగు గడిలో కూర్చునేది అక్షరం. హల్లు, దాని గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో ఉంటాయి. 'సంక్రాంతి' పలకడానికి ఎంత బరువుగా ఉన్నా గళ్ళలో మూడే: సం, క్రాం, తి. ఇంగ్లీషు పజిల్‌లో ఉన్నవి 26 అక్షరాలే కాబట్టి అడ్డం మాట, నిలువు మాట ఎక్కడో ఒకచోట సులువుగానే కలుస్తాయి. మనకు అలా కుదరదు. నిలువు మాటలో 'రి' ఉంటే అడ్డం మాటలోనూ అచ్చంగా 'రి'యే రావాలి. 'ర' చాలదు, 'రీ' పనికిరాదు. అందుకే మన పజిళ్ళలో మాటలు పొట్టివి, నల్లగళ్ళు ఎక్కువ. కూర్పరికి ఎంత కష్టమో పూరించేవారికి అంత మేలు. రెండో గడిలో 'క్రాం' పడిందంటే మాట దాదాపు బయటపడినట్టే.

ఆ కష్టం మీద దాచిన సమాధానం మరో కష్టం. మాటల మొదటి అక్షరాలు కలిపితే ఒక పేరు రావాలనుకోండి. క, ప, మ, స అక్షరాలతో మొదలయ్యే మాటలు కోకొల్లలు. 'డు'తో మొదలయ్యేవి ఎన్ని? అదే 'డు'తో ముగిసేవి అడగండి, దేవుడు, అల్లుడు, రాముడు అంటూ బారులు తీరుతాయి. తెలుగు మాటకు మొదట్లో ఒక అలవాటు, చివర్లో ఇంకో అలవాటు. దాచదలచుకున్న పేరును బట్టి ఒక అక్షరాన్ని ఒక మాట తలలో, మరో అక్షరాన్ని ఇంకో మాట తోకలో పెట్టుకోవాలి. అందుకు నాలుగు మూలలూ బాగా పనికొస్తాయి. పై వరుసలో ఎడమ మూల ఒక మాటకు మొదలు, కుడి మూల మరో మాటకు చివర. కింది వరుసా అంతే.

శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' పేరుతో, ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' పేరుతో తెలుగులో ఈ పని చేశారు. కవులు దీనికి పూనుకోవడం నాకు ఎంతో సహజంగా అనిపిస్తుంది. పద్యానికి గణాలు కుదిర్చేవారికీ పజిల్‌కు గళ్ళు కుదిర్చేవారికీ చిక్కు ఒక్కటే: చెప్పదలచినది ఒకటి, అది ఇమడవలసిన చోటు ఇంకొకటి.

* * *

మీరు పెన్సిల్ అందుకుంటే ఒక సంక్రాంతి పజిల్ మూలలు చూపిస్తాను. ఈ కాలమ్ కోసమే కట్టాను. పేరు 'ఊరంతా సంక్రాంతి'. మధ్య గళ్ళలో గొబ్బెమ్మ, గంగిరెద్దు, కనుమ, పతంగి ఉన్నాయనుకోండి. మూలలకు చెందిన నాలుగు ఆధారాలు ఇవి. పై వరుసలో ఎడమ మూల నుంచి మొదలయ్యేది: 'పండగ కోలాహలం చివర్లో నాగలి (2)'. అదే వరుసలో కుడి మూల దగ్గర ముగిసేది: 'గోదావరి చివరికి వెళితే పండేది ఇదే (2)'. కింది వరుసలో కుడి మూల దగ్గర ముగిసేది: 'దసరాలో మొదటి అక్షరం చివరికి చేరి, పక్క అక్షరం దీర్ఘం తీసుకుంటే వినోదం (3)'. ఆ వరుసలోనే ఎడమ మూల నుంచి మొదలయ్యేది: 'రాయలసీమలో కోతల కాలం (2)'.

కోలాహలం చివరి రెండక్షరాలు 'హలం'. నాగలి అంటే అదే. గోదావరి అన్న మాట చివర 'వరి' ఉంది. గోదావరి నది చివర, డెల్టాలో, పండేదీ వరే. ఒకే వాక్యం మాట విషయంలోనూ నిజం, నేల విషయంలోనూ నిజం. ఇలాంటి ఆధారం తగిలిన రోజు నాకు పండగే. మూడోది 'సరదా'. దసరాలో 'ద' వెనక్కి వెళ్ళి, 'రా' దగ్గరున్న దీర్ఘాన్ని తను తీసుకుంది. దీర్ఘం ఇలా చేతులు మారడం మన లిపి ఇచ్చిన వెసులుబాటు. నాలుగోది 'సుగ్గి'.

గళ్ళు నిండాయి. అడుగున వాక్యం ఇలా ఉంది: 'అందరూ వచ్చారు, ఊరంతా తిరిగే ఆయన ఎక్కడ? (4)'. ఇలాంటి చోట నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఉండవలసి ఉండీ లేనిది ఏమిటన్నది మొదటిది. గొబ్బెమ్మ ఉంది, గంగిరెద్దు ఉంది. ధనుర్మాసమంతా తెల్లవారుజామునే తలమీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో ఇంటింటికీ వచ్చే మనిషి ఎక్కడా లేడు. అవసరం లేకుండా వచ్చిన మాట ఏమిటన్నది రెండోది. పంట, కోత లాంటి తేలిక మాటలు ఉండగా 'సుగ్గి' ఎందుకు వచ్చింది? ఆ మూలలో 'సు' కావలసి వచ్చింది కనుక. ఎక్కడైనా మాట కాస్త వింతగా కనిపిస్తే అక్కడ కూర్పరికి వేరే దారి లేకపోయిందని అర్థం. ఆయనకు దారి మూసుకుపోయిన చోటే మనకు దారి తెరుచుకుంటుంది.

ఇప్పుడు మూలలు చూడండి. ఎడమ పైన 'హ', కుడి పైన 'రి', కుడి కింద 'దా', ఎడమ కింద 'సు'. ప్రదక్షిణగా చదివితే హరిదాసు. ఊరి నాలుగు మూలలూ తిరిగే మనిషి గళ్ళ నాలుగు మూలల్లోనూ ఉన్నాడు. ఇదే అక్షరాలను నడిమి వరుసలో పక్కపక్కన పెట్టినా మాట అదే వచ్చేది, కానీ అక్కడ హరిదాసు కదలకుండా నిలబడిపోయేవాడు. దాచిన మాటకూ దాచిన చోటుకూ పొత్తు కుదిరినప్పుడే సమాధానం దొరికిందన్న తృప్తి కలుగుతుంది.

పండగనాడు ఈ పని ఒక్కరే కూర్చుని చేసేది కాదు. 'సుగ్గి' సీమవాళ్ళకు నోటికొచ్చే మాట, డెల్టా వాళ్ళు ఆగి ఆలోచించే మాట. పురాణాల ఆధారం పెద్దలకు తగులుతుంది, సినిమా ఆధారం కుర్రవాళ్ళకు. ఇక హరిదాసును ఎన్నడూ చూడని పిల్లలు నాలుగు మూలలూ కలిపి ఆ పేరు పైకి చదివాక, ఆయన ఎవరని అడిగి తీరుతారు. ఆ ప్రశ్న పుట్టించగలిగితే పజిల్ తన పని చేసినట్టే.

* * *

వందేళ్ళ కిందటి మాట. గళ్ళ పజిల్ పుట్టిందే పండగ రోజుల్లో. 1913 డిసెంబర్ 21, క్రిస్మస్ ముందటి ఆదివారం. న్యూయార్క్ వరల్డ్ పత్రిక 'ఫన్' అనుబంధంలో, లివర్‌పూల్‌లో పుట్టిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు వజ్రాకారంలో గళ్ళు గీసి ఇచ్చాడు. నల్లగళ్ళు లేవు, నడిమి భాగం ఖాళీ. పేరు 'వర్డ్-క్రాస్', కొద్ది వారాలకు అచ్చుకూర్పులో తారుమారై 'క్రాస్-వర్డ్' అయింది. ఆ పజిల్‌లో రహస్య సమాధానం ఏదీ లేదు. కానీ పైభాగంలో 'ఫన్' అన్న మాటను విన్ తనే నింపి ఇచ్చాడు. అంతకుముందు ఎవరూ ఆడని ఆట కదా, ఎలా ఆడాలో పాఠకుడికి ఆ మూడు గళ్ళతో చూపించాడు. కూర్పరి పాఠకుడి పక్షాన నిలబడటం తొలి పజిల్‌తోనే మొదలైందని నేను అనుకుంటాను.

అక్షరాల్లో పేర్లు దాచే విద్య మాత్రం దానికంటే ఎంతో పాతది. మాఘుడు శిశుపాలవధం 19వ సర్గ చివర చక్రబంధం పెట్టాడు. ఆ శ్లోకాన్ని చక్రంలా పరిచి వలయాల వెంట చదివితే కావ్యం పేరూ కవి పేరూ బయటికి వస్తాయి. తెలుగులో గణపవరపు వేంకటకవి రాసిన 'ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము' ఇలాంటి బంధాలకూ, పద్యంలో పద్యం ఇమిడ్చే గర్భకవిత్వానికీ పెట్టింది పేరు. వీటిని కొందరు వట్టి కసరత్తు అంటారు. నేను ఒప్పుకోను. చదివేవాడు ఆగి, వెనక్కి వెళ్ళి, వలయం వెంట వేలు పెట్టి చదువుతాడన్న నమ్మకం లేకపోతే ఏ కవీ అంత శ్రమ పడడు.

ఆ నమ్మకాన్ని నేను చూసినంతలో అందరికంటే నిండుగా నిలుపుకున్నవారు జాన్ గ్రాహమ్. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ మతగురువు. 'అరకేరియా' అనే పేరుతో 1958 నుంచి గార్డియన్ పత్రికకు పజిళ్ళు కూర్చారు. 'వైల్ షెపర్డ్స్ వాచ్డ్' అనే క్రిస్మస్ కీర్తన ఉంది. దాని మొదటి రెండు పాదాల్లోని అక్షరాలన్నిటినీ చెదరగొట్టి, ఒక్కటీ మిగలకుండా, ఒక్కటీ కలపకుండా, ఆ క్రిస్మస్ కథనే చెప్పే మరో వాక్యం తయారుచేశారు ఆయన. దాన్నే ఆధారంగా ఇచ్చారు. ఇంగ్లీషు పజిళ్ళవాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

2013 జనవరిలో గార్డియన్‌లో వచ్చిన ఆయన పజిల్ పైన ఒక చిన్న గమనిక ఉంది. అరకేరియాకు 18 నిలువు వచ్చిందనీ, అది 19లో ఉందనీ, 13, 15లతో చికిత్స జరుగుతోందనీ. గళ్ళు నింపినవారికి ఒక్కొక్కటిగా దొరికాయి: క్యాన్సర్, అన్నవాహిక, నయం చేయడానికి కాక బాధ తగ్గించడానికి చేసే చికిత్స. అప్పటికి ఆయన వయసు 91. ఆ ఏడాది నవంబర్‌లోనే కన్నుమూశారు. ఈ సంగతిని ఒక ప్రకటనగా ఇచ్చి ఉండవచ్చు. కానీ అర్ధశతాబ్దం పాటు తాను ఎవరితో గళ్ళలో మాట్లాడారో వాళ్ళకు గళ్ళలోనే చెప్పారు. పాఠకులు ఆయన వేగంతో కాక తమ వేగంతో, ఒక్కో అక్షరం నింపుకుంటూ ఆ వార్త దగ్గరికి చేరారు. ఒక మనిషి తన పాఠకులను ఇంతకంటే గౌరవించగలడని నేను అనుకోను.

* * *

తుది మాట దొరక్కపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. ముందు పజిల్ పేరు మళ్ళీ చదవండి. పండగ పజిల్‌కు పేరు అలంకారం కోసం పెట్టరు. తర్వాత మూలలు, ఐమూలలు, మాటల తలలు, తోకలు చూడండి. వింత మాటల కింద గీత గీయండి. అప్పటికీ తేలకపోతే మరొకరికి ఇచ్చి చూడమనండి. గళ్ళు నింపని మనిషికి గళ్ళ ఆకారం త్వరగా కనబడుతుంది. ఫోన్‌లో వెతికితే విడి గళ్ళు నిండవచ్చు గానీ దాచిన మాట మాత్రం దొరకదు. అది ఆ ఒక్క కాగితం మీదే ఉంటుంది.

దొరికినది సరైనదో కాదో తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్షలు మూడు. అక్షరాలు చదివే దారి ఒక్కటే ఉండాలి. ఆ దారిలో ఒక్క గడీ వదిలేయకూడదు. వచ్చిన మాట పజిల్ పేరుతో పొసగాలి. ఈ మూడింటిలో ఒక్కదాని మీద అనుమానం మిగిలినా ఇంకా దొరకనట్టే. ఆఫ్రిట్ అనే కలంపేరుతో పజిళ్ళు కూర్చిన ఎ.ఎఫ్. రిచీ 1949లోనే కూర్పరులకు ఒక నియమం పెట్టాడు: పైకి కనబడే అర్థం వేరైనా కావచ్చు గానీ, ఉద్దేశించిన అర్థం ఆ మాటల్లోనే ఉండి తీరాలి. దాచిన సమాధానానికీ అదే ధర్మం. దొరికాక పాఠకుడు అయ్యో, కళ్ళముందే ఉందే అనుకోవాలి. ఇది ఎవరికి తడుతుంది అనుకోకూడదు.

అందుకే పండగ సంచికలు తెచ్చే సంపాదకులకు ఒక విన్నపం. వచ్చే దసరాకో దీపావళికో దాచిన మాట ఉన్న పజిల్ ఒకటి వేయండి. ఆ తర్వాతి సంచికలో వట్టి జవాబు కాక, ఆ జవాబు దగ్గరికి వెళ్ళే దారి కూడా అచ్చువేయండి. ఈసారి అందుకోలేని పాఠకుడు మరుసటి పండక్కి అందుకుంటాడు.

పాఠకులకు చెప్పవలసింది కూడా ఒకటుంది. ఈ కాలమ్‌ను ఐదు భాగాలుగా విడదీసింది ఊరికే కాదు. ఒక్కో భాగం ఏ అక్షరంతో మొదలైందో వరుసగా చూడండి. నేను చెప్పదలచిన మాట అక్కడ రాసి ఉంచాను (5).