చండాలిక వేషం ఎవరికి?

నృత్యనాటికల మీద మన పత్రికల్లో వచ్చే సమీక్షలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. సాహిత్యం ఫలానావారిది, సంగీతం ఫలానావారిది, ఆహార్యం కన్నులపండువు, ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు. ఏ ప్రేక్షకులు? ముందువరుస కుర్చీల్లో కూర్చున్నవాళ్ళా, వెనక ప్రహరీగోడ ఎక్కి కూర్చున్నవాళ్ళా? ఈ ప్రశ్న వేసుకోని సమీక్ష దీపాల గురించీ పట్టుచీరల గురించీ చెప్పగలదు గాని నాటిక గురించి చెప్పలేదు. గత ఫిబ్రవరిలో ఆత్మకూరులోనూ, వారం తర్వాత ఉదయగిరిలోనూ మా ఉపాధ్యాయ మిత్రులు కొందరు పిల్లల చేత ఆడించిన ‘చండాలిక’ను చూశాక నాకీ విషయం మరింత స్పష్టమయింది. పాత్రల ఎంపికలో నేనూ ఒకణ్ణి గనుక ఈ వ్యాసంలో తటస్థుడిలా నటించబోవడం లేదు.

ఇతివృత్తం విద్యార్థులకు తెలిసిందే. బౌద్ధవాఙ్మయంలోని శార్దూలకర్ణావదాన కథను రాజేంద్రలాల్ మిత్ర 1882లో ప్రకటించిన నేపాల్ సంస్కృత బౌద్ధగ్రంథాల వివరణ నుంచి రవీంద్రుడు తీసుకున్నాడు. 1933లో వచన నాటకంగా, 1938లో నృత్యనాటికగా మలిచాడు. ఎండవేళ ఆనందభిక్షువు బావి దగ్గరి అమ్మాయిని దాహం అడుగుతాడు. నేను చండాల స్త్రీని అంటుంది ఆమె. నేనెట్లా మనిషినో నువ్వూ అట్లాగే మనిషివి అంటాడు ఆయన. ఆ మాటతో ఆమె జీవితం తల్లకిందులవుతుంది. అతడు తనకు కావాలని పట్టుబడుతుంది. తల్లి మంత్రం వేసి భిక్షువును రప్పిస్తుంది. యాతనలో వికృతమైపోయిన అతని ముఖం చూసి ఆ పిల్ల పశ్చాత్తాపపడుతుంది. మంత్రాన్ని వెనక్కు తీసిన తల్లి ప్రాణం పోతుంది. తెలుగులో వెంపటి చినసత్యం గారి కూచిపూడి ఆర్ట్ అకాడమీ దీన్ని కూచిపూడిలోకి తెచ్చింది. అందులో శోభానాయుడు ధరించిన చండాలిక పాత్ర రసికలోకానికి బాగా పరిచయం. ఆ అకాడమీ నృత్యనాటికలు కొన్నింటికి సాహిత్యం కూర్చిన భుజంగరాయశర్మ గారు మా జిల్లా కావలి కళాశాలలో తెలుగు చెప్పినవారే. మేము ఆడినది మాత్రం ఆ పాఠం కాదు. మాలో ఒక మాస్టారు రవీంద్రుని కథను ఆధారం చేసుకుని సొంతంగా పాటలు రాశారు.

రవీంద్రుని మానవతావాదం మీద నాకు గౌరవం ఉంది. అయితే 1933 నాటికి మహద్ చెరువు ఉద్యమం జరిగి ఆరేళ్ళయింది. 1927 మార్చిలో అంబేద్కర్ వెంట వేలమంది అస్పృశ్యులు చవదార్ చెరువులోకి దిగి దోసిళ్ళతో నీళ్ళు తాగారు. వాళ్ళను ఎవరూ దాహం అడగలేదు. వాళ్ళే తమ దాహం తీర్చుకున్నారు. ‘చండాలిక’లో మనిషినన్న ఎరుక పైనుంచి, ఒక మహనీయుని నోటినుంచి దిగివస్తుంది. పైగా నాటికలో శిక్ష ఎవరికి పడింది? దాహం అడిగినవాడు తన దారిన వెళ్ళాడు. కూతురు పరిశుద్ధురాలయింది. చచ్చిపోయింది మాత్రం మంత్రాలు తెలిసిన మాలముసలి. ఈ లెక్క నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. అయినా ఈ నాటికనే ఆడదామన్నది కూడా నేనే. లోపాలున్న రచనను పక్కన పెట్టడం కంటే, ఆడి చూపి అందరిచేతా మాట్లాడించడమే మేలని నా నమ్మకం.

ఇక వేషాల సంగతి. ఎవరి వేషం ఎవరు కట్టాలన్నది మన రంగస్థలం మీద ఎన్నడూ వట్టి కళాసమస్య కాదు. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామను మగవాళ్ళే ధరించారు. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి మహానటులు ఆ సంప్రదాయంలోనుంచి వచ్చారు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని బళ్ళారి రాఘవ వాదించినప్పుడు ఎంత దుమారం లేచిందో మనకు తెలుసు. ఆ చరిత్ర అంతా తరగతిలో పాఠంగా చెప్పిన నేను, తీరా నా వంతు వచ్చేసరికి చాలా సులువుగా తప్పు చేశాను. మా పిల్లల్లో అందరికంటే బాగా ఆడే అమ్మాయి దళితవాడనుంచి వస్తుంది. ప్రధానపాత్ర ఆమెకే ఇవ్వాలన్నాను. ప్రతిభకు ప్రతిభ, వాస్తవికతకు వాస్తవికత అని మురిసిపోయాను కూడా.

ఆ అమ్మాయి తల్లి మర్నాడు బడికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. “సార్, దాన్ని యెట్టాగూ ఊళ్ళో ఆ పేరుతోనే చూస్తా ఉండారు. స్టేజీ ఎక్కి గూడా అదే పిలిపించుకోవాల్నా? నా బిడ్డకు ఆ సన్నాసి వేషం ఇయ్యండి” అంది.

ఎం.ఏ.లో చదివిన అలంకారశాస్త్రం ఏదీ నాకు ఆ క్షణంలో సాయపడలేదు. ఆమె అడిగినట్టే ఆనందుడి వేషం ఆ పిల్లకు ఇచ్చాం. చండాలికగా మరో కులం అమ్మాయిని తీసుకున్నాం. ఆ పిల్ల తండ్రి వేరే పేచీ పెట్టాడు. అమ్మాయి ఆడటానికి అభ్యంతరం లేదట, కరపత్రంలో తమ ఇంటిపేరు పక్కన ఆ మాట మాత్రం ఉండకూడదట. రవీంద్రుడు నాయికకు పెట్టిన ‘ప్రకృతి’ అనే పేరు వేసి బయటపడ్డాం. అది లొంగుబాటే. ఒక మాట ఆ తల్లికి నొప్పి, ఈ తండ్రికి పరువు నష్టం. రెంటినీ ఒకే త్రాసులో తూచి, రెంటికీ ఒకే పరిష్కారం చూపినట్టు ప్రవర్తించాం. తల్లి కోరిక తీర్చినందుకు నాకు విచారం లేదు, తండ్రి మాట మన్నించినందుకే ఉంది.

తల్లి పాత్రకు తోలుబొమ్మలాట కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ దొరికింది. జీవితమంతా తెర వెనక పాడిన మనిషి. హస్తముద్రలు నేర్పబోతే రెండు రోజులు చూసి నవ్వి మానేసింది. మంత్రం వేసే ఘట్టంలో భుజాలు కదలకుండా మోచేతులనుంచి మాత్రమే చేతులు ఆడించింది, బొమ్మ ఆడినట్టే. శాస్త్రం తెలిసినవాళ్ళు తప్పుపట్టవచ్చు. నాకు మాత్రం రెండు ప్రదర్శనల్లోనూ నిజమైన నృత్యం అదే అనిపించింది.

ఆత్మకూరులో ప్రేక్షకులకు పిల్లలు తెలుసు, వాళ్ళ ఇళ్ళు తెలుసు, వీధులు తెలుసు. కాషాయం కట్టిన దళితబాలిక దోసిలి పట్టి పైకులం పిల్లను నీళ్ళు అడిగినప్పుడు ముందువరుసలో గుసగుసలు మొదలయ్యాయి. నేను అంటరానిదాన్ని అని ఆ పిల్ల పాడుతుంటే ఎవరో కిసుక్కున నవ్వారు. నువ్వూ నేనూ ఒకటే అని ఆనందుడు బదులు చెప్పగానే వెనక గోడ మీదనుంచి పెద్ద ఈల, ఆపైన చప్పట్లు. అదే వాక్యానికి ముందు కుర్చీల్లో నిశ్శబ్దం. రవీంద్రుడు రాసినచోట దయగా వినిపించే మాట, ఆ నోటినుంచి వచ్చేసరికి ప్రకటనగా మారింది. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. ఆ మార్పు మా దర్శకత్వ ప్రతిభ కాదు, ఒక తల్లి పట్టుదల.

ఉదయగిరిలో ఆ వెటకారమూ లేదు, ఆ ఈలా లేదు. అక్కడివాళ్ళకు ఎవరు ఎవరి పిల్లలో తెలియదు. ఆనందుడు ముద్దుగా ఉన్నాడన్నారు, అంతే. పాత్రల ఎంపిక మీద మేము పడిన మథనమంతా కొండ దిగువ ఆ బడి ఆవరణలో ఆవిరైపోయింది. వేషధారణకు అర్థం వేదిక మీదే పుడుతుందనుకునే సిద్ధాంతకర్తలు ఈ తేడాను ఆలోచించాలి. కాని ఉదయగిరి ప్రేక్షకులు మరొకటి చూశారు. సోమశిల జలాశయం ఆత్మకూరుకు దగ్గర. ఉదయగిరిది మెట్ట బతుకు. నీళ్ళ ఘట్టం రాగానే పసిపిల్లలు సైతం అల్లరి మాని చూశారు. ఖాళీ బిందె అని తెలిసి కూడా, నీళ్ళు పోసే అభినయంలో ధార ఎక్కువసేపు సాగినప్పుడు ఒకావిడ “చాల్లేమ్మే, వొంపొద్దు” అని గట్టిగానే అంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రదర్శన అయ్యాక ఒక ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “అయివోరా, అంతా బాగుండాది. ఆ బాయి ఎవురిది?” అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. “ఊరి బాయైతే ఆ పిల్లను రానియ్యరు గదా. మాలపల్లె బాయైతే ఆ సాములోరు దాహానికి అంత దూరం వొస్తాడా?”

ఇన్నేళ్ళుగా ఈ నాటిక గురించి ఎన్నో చదివాను. ఈ ప్రశ్న ఎక్కడా ఎదురుపడలేదు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపిన దారుణం కూడా తాగేనీటి చెరువు దగ్గరే మొదలయింది. ఆ నీళ్ళను పాడుచేయవద్దన్నదే వాళ్ళ నేరం. ఆ సంగతి నేను ప్రతి ఏడూ పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అయినా మా వేదిక మీద అట్టతో కట్టిన బావి ఏ వాడలో ఉందో అడగాలని నాకు తోచలేదు. పాటలు రాసిన మాస్టారికీ తోచలేదు.

ముసలాయన మాట తిరుగుబస్సులోనే మాస్టారికి చెప్పాను. బావి మీద ఒక చరణం చేర్చాలన్నాడు. రెండుసార్లు రాసి చించేశాడు. ఊరిబావి అంటే నాయిక దొంగతనంగా వచ్చినట్టు రాయాలి, వాడబావి అంటే భిక్షువు దారితప్పి వచ్చినట్టు రాయాలి, కథ రెండువిధాలా మారిపోతుందంటాడు. మారనివ్వమంటాను నేను. వచ్చే నెల మళ్ళీ ఆత్మకూరులోనే ఆడాలి. చరణం ఇంకా రాలేదు.