ఊ కొట్టే తీగచుట్ట

వనపర్తిలో మోటర్ వైండింగ్ షాపు ముందు ఒక పది నిమిషాలు నిలబడండి. కాలిపోయిన మోటర్ కడుపు విప్పి, నల్లబడ్డ పాత తీగ పీకేసి, కొత్తది వరస తప్పకుండా చుట్టే చేతుల్ని చూడండి. రాగి మీద వార్నిష్ నిగనిగలాడుతుంటుంది. చుట్లు ఒకదాన్నొకటి ఆనుకునే పడుకుంటాయి, కానీ రాగికి రాగి తగలదు. తగిలిందా, మోటర్ మళ్ళీ షాపుకే. వైండింగంటే తగలనివ్వకుండా దగ్గర చేసే విద్య.

ఆ విద్య పొలంగట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇంకో మెట్టెక్కింది. లోపల నూనెలో మునిగి రెండు రకాల చుట్టలుంటాయి. 11 కేవీ లైను మొదటిదాంట్లోనే ఆగిపోతుంది. రైతు మోటరుకు పోయే తీగ రెండోదాంట్లో మొదలవుతుంది. నడుమ ఒక్క రాగిపోగైనా లేదు. గద్వాల నేతగాడైతే నూలు చీరకు పట్టు అంచును పోగులో పోగు వేసి బిగిస్తాడు; ఆ కలయిక సొగసు వేరు. ఇక్కడ ముడే లేదు. కరెంటు తీగ వెంటే చేనుకొచ్చిందని మనమనుకుంటాం గానీ, చివరి గడపను అది తీగ లేకుండానే దాటింది. సెకనుకు 50 ఆవృత్తులు తిరిగే కరెంటుకు లోపలి ఇనుప రేకులు 100 సార్లు అణువంత సాగి ముడుచుకుంటాయి. రాత్రిపూట వినిపించే ఆ గుంయ్‌మనే శ్రుతి అదే. నా చెవికది తంబురాకు తీసిపోదు. కంచె ఇవతలి నుంచే వినండి సుమా.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు చుట్టలు చుట్టాడు. మొదటిదానికి బ్యాటరీ తగిలించిన క్షణాన రెండోదాని దగ్గరున్న సూది కదిలింది. తీసేసిన క్షణాన మళ్ళీ కదిలింది. నడుమ కరెంటు నిలకడగా పారినంతసేపూ ఉలకలేదు, పలకలేదు. మార్పుకే స్పందిస్తుంది ఆ రెండో చుట్ట. ఆలంకారికుల్లో ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో ధ్వని గురించి వాదించింది గుర్తొస్తుంది నాకు. మాట తన అర్థం దగ్గరే ఆగుతుంది. అది చెప్పనిదేదో వినేవాడి మనసులో పుడుతుంది. వ్యంగ్యార్థానికి ఇంతకన్నా మంచి బొమ్మ ఏ శాస్త్రంలోనూ నేను చూడలేదు.

మన కృష్ణమ్మ ఒడ్డున ఈ ధ్వనికి మహాకావ్యాలే ఉన్నాయి. జూరాల దగ్గర 39 మెగావాట్ల యంత్రాలు ఆరు. నది తిప్పే రోటరుకూ, కరెంటు పుట్టే స్టేటరుకూ మధ్య ఉన్నది గాలి. దిగువన నాగర్‌కర్నూల్ జిల్లా నార్లాపూర్‌లో కథ తిరగబడుతుంది. 2023 సెప్టెంబరు 16న మొదలైన పాలమూరు-రంగారెడ్డి పంపులో 145 మెగావాట్ల మోటరు నీళ్ళను పైకి ఎత్తుతుంది. అంత బలమూ వేళ్ళతో కొలిచే గాలి సందును అంటకుండానే దాటాలి.

ఇవి మహాకావ్యాలైతే, ఫోనును పైన పడుకోబెడితే చాలు చార్జింగ్ ఎక్కించే పళ్ళెం చాటుపద్యం. ట్రాన్స్‌ఫార్మర్‌ను నడుమకు కోసి ఒక చుట్టను మన జేబులో వేశారంతే. కానీ కోసేసరికి రెంటినీ కలిపే ఇనుప దారి తెగింది. అయస్కాంత క్షేత్రం నాలుగు పక్కలకూ ఒలికిపోతుంది. అందుకే చుట్టకొక కెపాసిటర్ జతచేసి, సెకనుకు లక్షకు పైబడిన ఆవృత్తుల దగ్గర రెంటినీ శ్రుతి కలుపుతారు. శ్రుతి కలిసిన రెండో చుట్టనే, మాట చెప్పనిదాన్ని అందుకోగల సహృదయుడంటాను. 2007లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఇలా శ్రుతి చేసిన చుట్టలతో రెండు మీటర్ల ఎడంలో 60 వాట్ల బల్బు వెలిగించారు. చేరింది సుమారు 40 శాతమే.

దోషం దాచకూడదు. తీగతో పోలిస్తే పళ్ళెం దుబారాది, ఫోను వేడెక్కుతుంది. కాస్త పక్కకు జరిగినా పట్టు సడలుతుంది. నడుమ నాణెం చిక్కితే అదీ వేడెక్కుతుంది. పొలం మోటర్లకు ఇది పనికొచ్చే సరుకు కాదు.

అయినా నన్ను కట్టిపడేసే సంగతి ఒకటుంది. పళ్ళెం ఊరికే పోస్తూ పోదు. ఫోను తాను తీసుకునే కరెంటును సన్నగా హెచ్చుతగ్గులు చేస్తుంది. ఆ అదురు అవే చుట్టల గుండా వెనక్కొచ్చి పళ్ళానికి తెలుస్తుంది: ఇంకొంచెం, చాలు, ఆపు. అవ్వ కథ చెప్తుంటే మనవడు ఊ కొట్టినట్టు. ఫోను చేతిలోకి తీసుకోండి. ఊ వినపడక పళ్ళెం క్షణాల్లో కథ ఆపేస్తుంది.